పడని దెబ్బకు కూలి

మొగులమ్మ తలుపు నెట్టేసరికి నర్సిములు పెళ్ళాం జుట్టును పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని, ఆమె తలను గోడకేసి కొట్టడానికి వెనక్కి లాగుతున్నాడు. బండలకాలనీలో గోడలు కూడా నాపరాళ్ళవే. ఆ గోడకు తల తగిలితే ఏమవుతుందో గనిలో రాళ్ళు పగలగొట్టే నర్సిములుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"నర్సిమ్మా! ఇడువు దాన్ని!"

"నువ్వు నడుమల రాకక్కా!"

మొగులమ్మ నడుమకే వచ్చింది. వచ్చినందుకు తమ్ముడి మోచేయి మూతికి తగిలి కింది పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదుగా కారి ఆశా వర్కర్ చీర మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. భుజాన ఉన్న సంచిలోంచి బీపీ పట్టీ తీసి తమ్ముడి కళ్ళ ముందు ఆడించింది.

"అద్దంల మొకం జూసుకున్నవా? కండ్లు మిరపపండ్లయినయ్. హన్మండ్లుకు పడిపోయే ముందుగాల గిట్లనే అయినయ్. కూసో. బీపీ సూస్త."

హన్మండ్లు పేరు వింటే ఆ కాలనీలో మగవాళ్ళకు కాళ్ళు చల్లబడతాయి. ఒంటి చేత్తో బండనెత్తేవాడు, రెండేళ్ళ కింద గనిలోనే మూతి వంకరపోయి పడిపోయాడు. ఇప్పటికీ ఎవరో ఒకరు గంజి తాగించాలి. నర్సిములు పిడికిలి కొంచెం వదులైంది. సుగుణ జుట్టు విడిపించుకుని మూలకు జరిగింది.

మొగులమ్మ తమ్ముణ్ణి కూర్చోబెట్టి పట్టీ బిగించింది. సర్కారు ఇచ్చిన బ్యాటరీ మిషను ఇంట్లో మూలన పడేసి, పాత రబ్బరు ఉండ మిషనునే ఆమె మోసుకుతిరుగుతుంది. దాంతో అయితే గాలి ఎంత నెమ్మదిగానైనా కొట్టవచ్చు, ఎంత నెమ్మదిగానైనా వదలవచ్చు.

"పట్టీ ఉన్నంతసేపు మాట్లాడొద్దు, కదలొద్దు. మూడుమాట్ల సూస్తెగాని కరెక్టుగ తెల్వది."

మూడుసార్లు చూసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడోసారికి నర్సిములు భుజాలు దిగజారాయి. "తల నొస్తుందక్కా" అన్నాడు. ఆమె ఒక గోళీ ఇచ్చి, చాయ్ పెట్టించి, అతడు నిద్రపోయేదాకా కూర్చుంది. ఆరు గంటల తర్వాత ఫోన్ మోగింది. "31వ ఇల్లు. గాయం నివారించబడింది. రూ. 400."

మొగులమ్మ చిట్లిన పెదవి మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. ఆమెకు బిళ్ల లేదు కదా.

*

బిళ్లను తయారుచేసింది డాక్టర్ నీరజాక్షి. రూపాయి బిళ్లంత ఉంటుంది, భుజం లోపలి వైపు అతికిస్తే ఊడదు. చెమటనూ నాడినీ, మనిషి పడితే ఆ అదురునూ చదివి, గుండెపోటు రాబోతుంటే ముందే కబురు పంపాలన్నది ఆమె ఆలోచన. హన్మండ్లు పడిపోయిన ఏడాదే ఆమె బండలకాలనీకి వచ్చి, గనిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో నూట ఇరవై మందికి అతికించింది. బిళ్ల ఉంటేనే సర్కారు బీమా కార్డు అన్నారు కాబట్టి మగా ఆడా తేడా లేకుండా అందరూ భుజం చాపారు.

ఆరు నెలల తర్వాత డాక్టరమ్మ మొగులమ్మను హైదరాబాదులోని ల్యాబుకు పిలిపించింది. గోడ మీద పెద్ద తెర, దాని మీద గీతలు.

"మొగులమ్మ గారూ, ఇవన్నీ మగవాళ్ళ గీతలు. ఇలా ఒక్కసారి నిటారుగా లేచి, గంటకో రెండు గంటలకో పడిపోతున్నాయి. గుండెజబ్బేమో అనుకున్నాను. కానీ ఎవరికీ గుండెపోటు రాలేదు. ఆ రోజుల్లో కాలనీలో ఏం జరిగిందో మీకేమైనా గుర్తుందా?"

మొగులమ్మ తేదీలు చదివింది. ఒక గీత మీద వేలు పెట్టింది.

"గీ దినం మల్లేశం పెండ్లాం బండ మీద జారి పడ్డ అని నా దగ్గరికొచ్చింది మేడం. చెయ్యి ఇరిగింది. గీ దినం ఎంకటమ్మ పన్ను ఊడింది, నల్లా తగిలింది అన్నది." వేలు ఇంకో గీత మీద ఆగింది. "గిది మా తమ్మునిది. సుగుణకు కన్ను వాచింది గీ దినమే. ఇవి గుండెవి గావు మేడం. ఇండ్లల్ల కొట్టుడు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రి పరీక్షల్లో బిళ్ల గుండెపోటును పదిసార్లకు ఆరుసార్లే ముందుగా పట్టుకుంది. దీన్ని పదికి తొమ్మిదిసార్లు పట్టుకుంటోంది.

సంగతి బీమా ఆఫీసరు రంగనాయకులు చెవిన పడింది. ఆయన చెడ్డవాడు కాదు, సంతోషించాడు కూడా. "విరిగిన ఎముకకు మేం ముప్పై వేలు కడుతున్నాం మేడం. విరగకముందే ఆపే ఆశా వర్కరుకు నాలుగు వందలిస్తే అందరికీ మంచిదే కదా?" అన్నాడు. రెండు నెలల్లో పథకం వచ్చింది. మగవాళ్ళ బిళ్లలో గీత లేస్తే ఆశా వర్కరు ఫోన్‌లో గంట మోగుతుంది. ఆ తర్వాత ఆరు గంటల్లో ఆ ఇంటి ఆడమనిషి బిళ్ల మీద దెబ్బ నమోదు కాకపోతే ఆశా వర్కరుకు డబ్బు పడుతుంది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి నాలుగు నెలలూ మొగులమ్మ బతుకులో మంచి రోజులు. భర్త గనిలో పోయాక ఎవరి ముందూ చేయి చాపకుండా బతికిన మనిషే, అయినా ఆమె పనికి ఇంత విలువ ఎవరూ కట్టలేదు. గంట మోగితే సంచి భుజాన వేసుకుని పరుగు. ఒక ఇంట్లో గడ్డపార లాక్కుంది, ఒక ఇంట్లో తలుపు బద్దలు కొట్టించింది, మల్లేశం విసిరిన, బియ్యం కొలిచే ఇనుప తవ్వ నుదుటికి తగిలి మూడు కుట్లు పడ్డాయి. ఎంత గొడవైనా చివరకు పట్టీ బిగిసేది. పట్టీలో చెయ్యి ఉన్న మగవాడు ఎవరినీ కొట్టలేడు.

*

చేసిన తప్పు ఆమెదే. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ మాట నుంచి ఆమె తప్పించుకోలేకపోయింది.

ఒక సాయంత్రం పట్టీ విప్పుతుంటే నర్సిములు అడిగాడు. "అక్కా, నేను కొట్టకుంటె నీకు పైసలొస్తున్నయంట కదా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరికి ఎరుకే. చెయ్యి ఆపుకున్నది నేను, పైసలు నీకా? నా కష్టం గాదా అది?"

తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. చంకనేసుకుని పెంచింది. ఆమెకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ వెనకే మూలన కూర్చున్న సుగుణ మొహం కనిపించింది. రెండు వందలు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. రెండు వందలతో ఒక ఆడదాని పళ్ళు దక్కుతాయంటే ఇవ్వకుండా ఉండేదెవరు?

వారం తిరగకుండా కాలనీ మగవాళ్ళంతా తమ వాటా అడిగారు. ఆమె ఇచ్చింది. ఇవ్వడం మొదలయ్యాక గంటలు పెరిగాయి. రోజుకు రెండు మోగేవి, ఏడెనిమిది మోగసాగాయి. బిళ్లను నటనతో మోసం చేయలేరు, గీత లేవాలంటే నిజంగా రక్తం ఉడకాలి. అందుకని మగవాళ్ళు కూర్చుని పనిగట్టుకుని కోపం తెచ్చుకునేవాళ్ళు. పదేళ్ళ కిందటి పెళ్ళిలో బావమరిది మర్యాద తప్పిన సంగతి తవ్వి తీసేవాళ్ళు. పెళ్ళాం ఎదురుగా నిలబడాలి, బూతులు పడాలి, రోకలి తల మీదికి లేచినప్పుడు కదలకుండా ఉండాలి. గంట మోగేది, మొగులమ్మ పరుగెత్తుకొచ్చేది, పట్టీ, చాయ్, రెండు వందలు. దెబ్బ పడేది కాదు. కానీ ఆడవాళ్ళు అన్నం తినడం మానేశారు. ఎంకటమ్మ గిన్నె కింద పడ్డ చప్పుడుకే గోడకు అతుక్కుపోయేది.

హైదరాబాదులో మాత్రం బండలకాలనీ పేరు మారుమోగిపోయింది. ఇన్ని గండాలు ఏ ఊళ్ళోనూ రాలేదు, ఇన్ని ఏ ఊళ్ళోనూ తప్పలేదు.

అప్పుడే ఆమె నోరు జారింది. ఆశా వర్కర్ల మీటింగులో విన్న మాటను శుభవార్త అనుకుని తమ్ముడికి చెప్పింది. "మూడు నెలలు ఒక్క దెబ్బ పడకుంటె ఆ ఇల్లు బాగుపడ్డట్టేనంట నర్సిమ్మా, లిస్టుల కెళ్ళి తీసేస్తరంట. వచ్చే సోమారంతోని మీ ఇల్లు పోతది. ఇగ గంట లేదు, నా లొల్లి లేదు."

నర్సిములు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అవునా" అన్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం సుగుణ తనే నడిచొచ్చింది. ఎడమ మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. చర్మం కిందనుంచి ఎముక పొడుచుకొచ్చి తెల్లగా కనిపిస్తోంది. మొగులమ్మ గబగబా ఫోన్ తీసి చూసింది. గంట మోగలేదు.

"ఏమైంది బిడ్డా? గంట కొట్టలేదేంది?"

"కోపం లేదు గద వదినె." సుగుణ గొంతులో ఏడుపు లేదు. అది చూసి మొగులమ్మకు మరింత భయమేసింది. "అన్నం తిన్నడు, మంచిగనే మాట్లాడిండు. లిస్టుల ఉండాలె, చెయ్యి పెట్టు అన్నడు. కుడి చెయ్యి వంటకు గావాలె, ఎడమది పెట్టు అన్నడు. గడప బండ మీద పెట్టిన. ఇటికతోని కొట్టిండు. ఒక్కమాటకు ఇరగలే. మల్ల కొట్టిండు."

మొగులమ్మ ఆ చెయ్యికి అట్టముక్క ఆన్చి గుడ్డ చుట్టింది. ఆ ఇటుక తన నోట్లోంచి వెళ్ళిందని ఆమెకు ఒక్కసారిగా తెలిసింది.

ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేయించి, ఆ సాయంత్రమే తమ్ముడి మీదికి వెళ్ళింది. చెంప ఛెళ్ళుమనిపించింది. జీవితంలో మొదటిసారి వాణ్ణి కొట్టింది. "ఇగ పైసా ఇయ్య. ఎవ్వనికియ్య. సుగుణను నా ఇంటికి తోల్కపోతున్న."

"తోల్కపో" అన్నాడు నర్సిములు చెంప రుద్దుకుంటూ. "దాని తల్లిగారింటికి పోయినా తెచ్చుకున్న. నీ ఇల్లు నాలుగు గడపల అవతలనే గదా అక్కా."

రాలేనని సుగుణే అంది. వస్తే తననొక్కదాన్నే కాదు, ఇద్దరినీ చంపుతాడంది. మొగులమ్మ పోలీసుల దగ్గరికి వెళ్ళింది. స్టేషను రైటరు ఫోన్‌లో పోయిన నెల బీమా లిస్టు చూసి, "మీ కాలనీల దెబ్బలే లేవంటున్నరు గదమ్మా, ప్రైజు గూడ ఇస్తున్నరంట" అన్నాడు. ఇక మిగిలింది డాక్టరమ్మే. తొమ్మిది రోజులు సెలవు కోసం తిరిగి, పదో రోజు ఉదయం రైలెక్కింది. అమావాస్యకు గని సెలవని, నర్సిములు ఇంట్లోనే ఉంటాడని ఆమెకు గుర్తులేదు.

*

పన్నెండింటికి ల్యాబుకు చేరేసరికి డాక్టరమ్మతో పాటు రంగనాయకులు కూడా ఉన్నాడు. మొగులమ్మ నిలబడే అంతా చెప్పింది. వాటాల సంగతి, కోపం తెచ్చుకోవడం, ఇటుక, తన నోటి తప్పు, ఏదీ దాచలేదు.

రంగనాయకులు తన ఫోన్‌లో లిస్టు తెరిచాడు. "ఎముక విరిగిన ఇల్లు పై తరగతికి వెళ్ళింది. అందుకు ఇకనుంచి మీకు ఎనిమిది వందలు..." అంటూ మధ్యలోనే ఆపేశాడు.

డాక్టరమ్మ లేచింది. తెర దగ్గరికి వెళ్ళి ముప్పై ఒకటో ఇల్లు తెరిచింది. నర్సిములు గీత నిద్రలో ఉన్న మనిషిది, సాఫీగా ఉంది. దాని కింద సుగుణ పేరు పక్కన దెబ్బల అంకెలే ఉన్నాయి.

"ఆడవాళ్ళ బిళ్లలోనూ అదే సరుకు ఉంది. కాకపోతే మేం దెబ్బలు మాత్రమే లెక్కపెట్టాం. గీత ఎప్పుడూ తీసి చూడలేదు" అంది.

"దానికి పథకంలో చోటు లేదు మేడం. దెబ్బ ఎటునుంచి వస్తుందో మనకు తెలుసు కదా అనుకున్నాం" అన్నాడు రంగనాయకులు.

డాక్టరమ్మ ఏదో నొక్కింది. సుగుణ గీత తెర మీదికి వచ్చింది. మణికట్టు విరిగిన ఆదివారం నుంచి అది దిగనే లేదు. రోజు రోజుకూ మెట్టు మెట్టుగా ఎక్కుతూ వచ్చింది. మగవాళ్ళ గీతలు లేచినంత ఎత్తును మొన్ననే దాటింది. ఇప్పుడు, వాళ్ళు చూస్తుండగానే, నిటారుగా నిలబడింది.

మొగులమ్మకు ఎవరూ వివరించాల్సిన పనిలేదు. ఫోన్ చేసింది. చాలాసేపటికి సుగుణ ఎత్తింది.

"సుగుణా, ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు వదినె. ఆయన పండుకున్నడు. పండుకునే ముందు చెప్పిండు, కట్టు ఊడినంక ఈసారి కాలు అని."

"నీ చేతిల ఏముంది?"

అవతల బండ మీద ఇనుము ఈడ్చిన చప్పుడైంది.

"సమ్మెట. ఒక్క చెయ్యితోని లేస్తలేదు. రెండు చేతులు పెట్టిన. కట్టు కాడ నొస్తుంది."

మొగులమ్మ కళ్ళ ముందు ఇద్దరూ ఉన్నారు. చంకనెక్కి ఏడ్చిన నాలుగేళ్ళవాడు, గడప బండ మీద చెయ్యి పెట్టిన ఆడపిల్ల. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే.

"కింద పెట్టు తల్లీ. నా మాట ఇను. కూసో. చెయ్యి చాపు. మాట్లాడకు, కదలకు. నేను మూడుమాట్ల..."

"పట్టీ ఎవరు కడతరు వదినె?" అని అడిగింది సుగుణ. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. "ఇంతమంది మొగోళ్ళకు కట్టినవ్. నాకు ఒక్కనాడన్న కట్టినవా?"

ఫోన్ ఎక్కడో బండ మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మంచం కిర్రుమంది. "ఏయ్" అన్న నర్సిములు గొంతు, సగం నిద్రలో. తెర మీద అతడి గీత ఒక్క ఉదుటున పైకి లేచింది. మొగులమ్మ చేతిలోని ఫోన్‌లోనే గంట మోగింది. "31వ ఇల్లు. ప్రమాదం." ఆ గంట మధ్యలోంచే మొదటి దెబ్బ వినిపించింది, నిండు కుండ పగిలినట్టు. "అక్కా!" అని నర్సిములు అరిచాడు. ఇంకో దెబ్బ పడింది. ఆ తర్వాత అరుపు లేదు, దెబ్బలు మాత్రం ఆగలేదు. మొగులమ్మ ఐదు దాకా లెక్కపెట్టింది. తెర మీద పై గీత నేలబారుగా పడిపోయి ఇక కదలలేదు.

రంగనాయకులు పోలీసులకు ఫోన్ కలిపాడు. డాక్టరమ్మ తెర ఆపబోయి, మీట ఎక్కడుందో మరిచిపోయినట్టు గోడంతా తడుముతోంది.

*

ఆమె కాలనీకి చేరేసరికి అయిదయింది. జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. మంచం మీద వాడి కాళ్ళను బట్టే గుర్తుపట్టింది, మొహాన్ని బట్టి గుర్తుపట్టేందుకేమీ మిగల్లేదు. గోడ బండల మీద తల ఎత్తు దాకా రక్తం చిమ్మి ఉంది. ఆమె ఏడ్చింది. వాడు ఎలాంటివాడో తెలిసే ఏడ్చింది, పాదాలు పట్టుకుని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.

బయటికొచ్చేసరికి సుగుణ గడప బండ మీదే కూర్చుని ఉంది. పక్కన ఒక కానిస్టేబుల్. కట్టు పగిలి చెయ్యి వేలాడుతోంది, చీర ముందు భాగమంతా ఎండిన రక్తం. మొగులమ్మ కళ్ళకు ఇంకేమీ కనిపించలేదు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. నా తమ్ముడు, నా చేతుల మీద పెరిగిన తమ్ముడు అనుకుంటూ ముందుకు దూకింది.

సుగుణ తల తిప్పుకోలేదు. "కొట్టు వదినె" అంది.

లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఇరవై మంది మగవాళ్ళ చేతుల్లో తను చూసిన వణుకు తన చేతిలో కనిపించింది. ఆ ఊపు ఎంత బలంగా ఉంటుందో, ఆపడం ఎంత కష్టమో ఆమెకు ఇన్నాళ్ళకు తెలిసింది. పళ్ళు బిగబట్టి చెయ్యి దించింది. సంచిలోంచి పట్టీ తీసింది. సుగుణ పక్కన కూర్చుని, ఆమె కుడి చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని పట్టీ చుట్టింది.

"ఏంటమ్మా ఇది? పొద్దుపోతుంది, ఆమెను స్టేషనుకు తీస్కపోవాలె" అన్నాడు కానిస్టేబుల్.

"మూడుమాట్ల సూడాలె సార్. అప్పటిదాంక ఎవ్వరు మాట్లాడొద్దు."

రబ్బరు ఉండను నెమ్మదిగా నొక్కింది. పట్టీ బిగుసుకుంది. అప్పటిదాకా రాయిలా ఉన్న సుగుణ ఒళ్ళు వణకడం మొదలైంది, తర్వాత తల మొగులమ్మ భుజం మీద వాలింది. మొదటిసారి అయింది. రెండోసారి అయింది. మూడోసారి గాలి వదులుతుండగా మొగులమ్మ కొంగులోని ఫోన్ మోగింది. సుగుణ చెయ్యి వదలకుండానే ఆమె తీసి చూసింది.

"31వ ఇల్లు. గాయం నివారించబడింది. మహిళ బిళ్లపై దెబ్బలు: 0. రూ. 800. అభినందనలు."

కానిస్టేబుల్ వంగి చూశాడు. "ఎవరిది ఫోను? ఏమంటున్నరు?"

మొగులమ్మ పట్టీ విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఏం లేదు సార్. నా కూలి పడ్డది."